గేటు దగ్గర మనిషి

పదకొండింటికి మునిరత్నమ్మ వస్తుంది, ఇప్పుడు పది దాటింది, ఈ గంటలో నేను చేయవలసింది ఒకే ఒక్క పని, ఈ బల్ల మీద గేటు దగ్గర నిలబెట్టిన రెండు సెంటీమీటర్ల మనిషిని పెరికేసి అక్కడ ఇంకొకణ్ణి నిలబెట్టడం, రెండు నిమిషాల పని, పట్టకారు చేతిలోనే ఉంది, అయినా చేయి అటు పోదు, చింతచెట్టు కొమ్మ సర్దుతుంది, వ్యాగన్ల పక్కన దుమ్ము ఊదుతుంది, ఏమీ చెడిపోని చోట్లన్నీ బాగు చేస్తుంది. చుట్టూ ఒకటే గోల. పూలవాడు నిచ్చెన తెచ్చి నా రైలు పట్టాల మీదుగానే వేస్తాడట, ఇంత పెద్ద హాల్లో వాడికి ఇంకెక్కడా గోడే దొరకలేదు. మైకువాడు హలో హలో అంటూ అరగంట నుంచి తన గొంతు తనే విని మురుస్తున్నాడు. ఒక పెద్దమనిషి ఫోను నా మిల్లు కప్పు మీద ఆనించి ఫోటో తీయబోతే చేయి పట్టుకుని లాగేశాను, "యాలప్పా అంత కోపం, బొమ్మే కదా" అన్నాడు. బొమ్మట! చిక్కబళ్ళాపురంలో మా మిద్దె గదిలో పద్నాలుగు నెలలు, గాలికి పొడులన్నీ లేచిపోతాయని ఫ్యాను కూడా వేసుకోకుండా, చెమటలు కార్చుకుంటూ చేసింది వీడికి బొమ్మ.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. చింతామణిలో ఇదే స్థలంలో, నేనిప్పుడు నిలబడ్డ ఈ మెరిసే గ్రానైటు కింద, నలభై మూడేళ్ళ కిందట ఆదినారాయణప్ప చెనిక్కాయల మిల్లు, వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు, ఉండేది, వెనక గోడను ఆనుకుని చిన్న రైలు పట్టా ఉండేది, రెండున్నర అడుగుల గేజిది, దాని మీద బస్తాలకోసం నిలిపిన నాలుగు వ్యాగన్లు. మిల్లు పోయింది, చిన్న రైలు పోయి పెద్ద రైలు వచ్చింది, ఆదినారాయణప్ప పోయాడు, ఆయన మనవడు నాగేశ్ ఇక్కడ పెళ్ళిళ్ళ హాలు కట్టాడు, ఇవాళ ప్రారంభం. ముందు గదిలో పెట్టుకోవడానికి తాత మిల్లు కావాలన్నాడు, రైలుతో సహా, మనుషులతో సహా, డ్రాయింగ్ మేష్ట్రుగా రిటైరై మిద్దె మీద రైళ్ళు చేసుకుంటూ కూర్చున్న నన్ను వెతికి పట్టుకున్నాడు. చిన్నప్పుడు నేను ఆ మిల్లులో రెండేళ్ళు పనిచేశానని అతనికి తెలుసు. ఏం పని చేశానో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, బెంగళూరులో ఈ రైళ్ళు చేసేవాళ్ళ క్లబ్బులున్నాయి, పోయి చూశాను, అందరూ మంచుకొండలే, ఎన్నడూ కాలు పెట్టని దేశాల స్టేషన్లే, ఒక్కడికీ తన ఊరి గోనెసంచి చేయడం రాదు. నాకు గోనెసంచి కుదరడానికే రెండు నెలలు పట్టింది. కాయల కుప్పకు మొదట బొంబాయి రవ్వ వాడాను, ఎనభై ఏడో వంతుకు కుదిస్తే చెనిక్కాయ సరిగ్గా రవ్వంత అవుతుంది, పొద్దున లేచి చూస్తే చీమలు బారులు తీరి మిల్లునంతా మోసుకుపోతున్నాయి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అప్పుడు ఇసుక జల్లించి టీ డికాక్షనులో ఉడకబెట్టాను. మన్ను మాత్రం ఈ నేలదే, హాలుకు పునాది తవ్వుతున్నప్పుడు సంచిలో పట్టుకుపోయి పాత పంచెలో వేసి మెత్తగా జల్లించాను. కాయ మిషన్లో పోయకముందు నీళ్ళు చల్లి గోనెలు కప్పి నానబెట్టేవారు, లేకపోతే గింజ పలుకులైపోతుంది, అందుకని కుప్పలో ఆ మూల మాత్రం రంగు ఒక పిసరు ముదురుగా వేశాను. ఎవడికి కనిపిస్తుంది? ఎవడికీ కనిపించదు, నాకు కనిపిస్తుంది. గింజలు ఏరే ఆడవాళ్ళు ముప్పై ఎనిమిది మంది, రాగితీగ ఎముకలు, పుట్టీ ఒళ్ళు, గాలిపటాల కాగితంతో చీరలు. "ఎవురు చూస్తారని ఇంత సావు సస్తాండావు?" అనేది మా ఆవిడ గుమ్మంలో నిలబడి. ఉన్నది ఉన్నట్టు ఉండాలి, లేకపోతే చేయనే కూడదు, అని ఆమె మీద అరిచేవాణ్ణి.

నిన్న సాయంత్రం నాగేశ్ మీద కూడా అలాగే అరిచాను. ఫోటోలు పంపించాను కదా, చూసి ఫోను చేశాడు. "మేష్ట్రే, అంతా బలే ఉండాది. ఆ గేటు కాడ ఆడోళ్ళు నీళ్ళు పుక్కిలించి ఉమ్మేది ఒకటి ఉండాదే, అది యాల? పెద్దోళ్ళు వస్తారు, బాగుండదు. తీసేయండి." తీయనన్నాను. అది జరిగింది, నా కళ్ళతో చూశాను, ముప్పై ఎనిమిది మందీ రోజూ ఆ గేటు దగ్గర నోరు కడిగి చూపించి ఇంటికి పోయారు, అది తీసేస్తే మిల్లునే తీసేసినట్టు, నీకు కావాల్సింది కేకు మీద బొమ్మయితే బేకరీకి పో అన్నాను. ఎంత బాగా అన్నాను! ఫోను పెట్టేశాక ఒక పది నిమిషాలు గదిలో అటూ ఇటూ తిరిగాను, నా అంత నిజాయితీపరుడు ఈ జిల్లాలో లేడన్నట్టు. తరువాత చూపు గేటు మీద పడింది. అక్కడ తెల్ల పంచె, నల్ల కోటు, చేతిలో చెంబు పట్టుకుని ఆదినారాయణప్ప నిలబడి ఉన్నాడు, నేనే చేసి నేనే నిలబెట్టిన ఆదినారాయణప్ప. ఆయన జన్మలో ఒక్కసారి కూడా సాయంత్రంపూట ఆ గేటు దగ్గరికి రాలేదు.

చెంబు పట్టుకున్నది నేను. పందొమ్మిదేళ్ళు, ఎస్సెస్సెల్సీ పాసు, తూకం గుమాస్తా, చొక్కా జేబులో పెన్ను. పట్టుకోవడం ఒక్కటే అయితే ఎవరో పట్టుకోమంటే పట్టుకున్నానని సరిపెట్టుకునేవాణ్ణి, కాదు, ఆ చెంబు ఆలోచనే నాది. అంతకుముందు ఆడవాళ్ళు పోయేటప్పుడు కొంగు దులిపి చూపించేవాళ్ళు, అంతే. ఒకరోజు ఆదినారాయణప్ప విసుక్కున్నాడు, "కొంగులో ఏముంటాది, కడుపులో ఏసుకొని పోతాండారు" అని. నేను పక్కనే తూకంరాళ్ళు పేరుస్తున్నాను. ఎవరు అడిగారు నన్ను? నోరు మూసుకుని రాళ్ళు పేర్చుకోవచ్చు కదా? "నోట్లో నీళ్ళు పోసి పుక్కిలించి ఉమ్మమందాం సార్, తెల్లగా వస్తే తిన్నట్లే" అన్నాను. అది మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. విత్తనానికి దాచిన గింజలు తిని తినలేదని బొంకితే అమ్మ నా నోట్లో నీళ్ళు పోసి ఉమ్మించేది, తెల్లనీళ్ళు చూసి నవ్వేది, వీపు మీద ఒకటి వేసేది, ఆ తరువాత తనే ఇంకో గుప్పెడు పెట్టేది. మా అమ్మ ఆటను తీసుకుపోయి మిల్లు గేటుకు కట్టాను నేను. "బలే తెలివిగలోడివి రా" అని ఆదినారాయణప్ప భుజం తట్టాడు, వారం రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మర్నాటి నుంచి ఇత్తడి చెంబుతో గేటు దగ్గర నేను, మిద్దె మీద పడుకుని నిద్రపోతూ ఆయన.

మునిరత్నమ్మది బాగేపల్లి దగ్గర పరగోడు. రెండెకరాలు ఉన్నా వాన లేక, చింతామణిలో అక్క ఇంట్లో దిగి ఏరుడు పనికి వచ్చేది, చంకలో ఎనిమిది నెలల ఆడపిల్ల, పిల్లను చింతచెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. ఆ రోజు పని ముగియడానికి కాస్త ముందు నేను చెట్టు వెనక్కి ఒంటికి పోవడానికి వెళ్ళాను. ఆమె నాలుగు గింజలు నోట్లో వేసుకుని మెత్తగా నమిలి, వేలితో తీసి, పిల్ల నోట్లో పెడుతోంది. చూశాను. ఆమె నన్ను చూడలేదు. ఇందులో అర్థం కానిదేముంది, కళ్ళు లేవా నాకు? సాయంత్రం సైరను కూసింది, వరస కదిలింది, ఆమె వంతు వచ్చింది, నీళ్ళు నోట్లో పట్టుకుని ఉమ్మకుండా నా మొహం చూస్తూ నిలబడింది, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఉమ్మమ్మా, అన్నాను. ఉమ్మలేదు. ఉమ్ము, అన్నాను, అమ్మా తీసేసి. బండ మీద తెల్లగా పడింది. "పాపకి నమిలి పెట్టినప్పా" అంది, నాకొక్కడికే వినపడేటట్టు. నాకు తెలుసు. తెలిసీ, అందరికీ వినపడేటట్టు, రేపట్నుంచి రావద్దన్నాను. ఆమె పోయి ఉయ్యాల విప్పుకుని పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది, మిగతావాళ్ళు ఎంత భయంగా ఎంత జాగ్రత్తగా ఉమ్మారో, ఒక్కొక్కరు ఉమ్మి నా మొహం చూసేవారు. నాకు బాగుండింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట ఇదే, నాకు బాగుండింది.

నీ మొహానికి మళ్ళీ ఉన్నది ఉన్నట్టు ఒకటి! గోనెసంచి నేతపోగుల దగ్గర నిజం, కాయల తడి దగ్గర నిజం, మనిషి దగ్గరికి వచ్చేసరికి చచ్చినవాడి మీదికి తోసేశావు. తోయడం ఎంత సులువు, ఆదినారాయణప్ప ఎలాగూ మంచివాడేమీ కాదు, ఆయన ముక్కు చేస్తున్నప్పుడు నాకు కోపం కూడా వచ్చింది, ఆ కోపం నిజమేననుకున్నాను. పాత పనివాళ్ళకు శాలువాలు కప్పుతాము, పేర్లు చెప్పండి మేష్ట్రే అని నాగేశ్ అడిగితే పదకొండు పేర్లు రాసిచ్చాను, మునిరత్నమ్మ పేరు రాయలేదు, ఆమె పనిచేసింది నాలుగు నెలలే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మొన్న గురువారం నాగేశ్ ఆఫీసులో పిల్ల ఒకతె ఫోను చేసి, "సార్, పరగోడు నుంచి మునిరత్నమ్మ అని ఒకావిడ, ఎవరో చెప్తే తనే ఫోను చేసింది, తనూ మిల్లులో చేసిందంట, ఆదివారం పదకొండుకు మనవరాలితో వస్తుందంట" అంది. సరే అన్నాను. సరే అనక ఏమనాలి? అప్పటి నుంచి మూడు రాత్రులు, గేటు దగ్గరి మనిషిని మారుస్తాను, పొద్దున మారుస్తాను, బండి ఎక్కించేముందు మారుస్తాను, హాల్లో దించాక మారుస్తాను. మార్చడానికి మనిషి కూడా కావాలి కదా. మూడో రాత్రి చేశాను, నీలం చొక్కా, సన్నటి మెడ, పనిముట్ల పెట్టెలో దూదిలో చుట్టి ఉన్నాడు.

పదిన్నర. పట్టకారు ఆదినారాయణప్ప కోటు దాకా పోయింది, ఇంకొక్క అంగుళం, అంతలో వెనక నుంచి "మేష్ట్రే" అన్నాడు నాగేశ్. పట్టు పంచె, సెంటు వాసన, చేతిలో ఇత్తడి రేకు మీద రాత్రికి రాత్రే చెక్కించిన పలక. కోపంగా ఉంటాడనుకున్నాను, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"చూడండి, మీరు చెప్పినట్లే ఏదీ తీయలేదు. మీరు పెట్టిన ఆడోళ్ళే, మీరు పెట్టిన చెంబే. నేను కింద ఒక్క మాట రాయించినా, అంతే."

కన్నడంలో చెక్కారు, కింద తెలుగులో కూడా. పని ముగించిన కూలీలకు ప్రతి సాయంత్రం స్వహస్తాలతో నీళ్ళు పోసి దాహం తీర్చిన శ్రీ ఆదినారాయణప్ప గారు. నేను దాన్ని రెండుసార్లు చదివాను. చెవుల్లోంచి పొగలు వచ్చాయి నాకు.

"ఇదెట్లా రాస్తావు నువ్వు? నీళ్ళు తాగించేదానికా అది? ఆయన గేటు కాడికి..." అని ఆగిపోయాను.

"గేటు కాడికి తాత వస్తాడని మా నాయన కూడా ఎన్నడూ చెప్పలేదు, మేష్ట్రే. మీరే పెట్టినారు కదా. మీరు కళ్ళారా చూసినారంట కదా." ఏ ఎత్తిపొడుపూ లేదు ఆ గొంతులో, నిజంగానే సంతోషపడుతున్నాడు వెధవ. "ఆయప్ప కాకపోతే ఇంకెవురు నిలబడింటారు అక్కడ?"

అడిగాడు. చెప్పాల్సిన మాటను నా నోటి దాకా తెచ్చి పెట్టాడు. ఎవరో పిలిస్తే తలుపు వైపు తిరిగాడు, నేను ఒక్క మాట అంటే తిరిగేవాడు కాదు, నేను అనలేదు. పలకను గేటు ఎదురుగా బల్ల అంచుకు బిగించి పోయాడు. నేను లేని మనిషిని పెట్టబట్టే అతను లేని దాహం పెట్టాడు, నా అబద్ధం మీద తన అబద్ధం పేర్చుకుని పోయాడు, అతన్ని తిట్టడానికి నాకు నోరెక్కడిది, అయినా తిట్టాను, లోపల తిట్టాను, అతని సెంటును, పంచెను, గ్రానైటును, రాబోయే ఎమ్మెల్యేని, ఈ హాల్లో జరగబోయే పెళ్ళిళ్ళన్నిటినీ. పెట్టె తెరిచాను. దూది విప్పాను. మనుషులు చూస్తున్నారు, ఇంతమంది ముందు ఎట్లా పెరకడం, జిగురు ఆరడానికి కూడా పావుగంట కావాలి, అయినా ఆమెకు అరవై అయిదేళ్ళు దాటి ఉంటాయి, కళ్ళు ఆనవు, రెండు సెంటీమీటర్ల మొహం ఎవరికి తెలుస్తుంది, నలభై ఏళ్ళు, గుర్తుండదు, గుర్తుంటే ఈ హాలుకు శాలువా కోసం వస్తుందా. మళ్ళీ దూది చుట్టాను.

పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలు ఉండగానే వచ్చింది. పొట్టిగా, తెల్లటి జుట్టు గట్టిగా ముడి వేసుకుని, పక్కన జీన్సు వేసుకున్న మనవరాలు. చింతచెట్టు కింద ఉయ్యాల్లో ఉన్న పిల్లకు పుట్టిన పిల్ల. కుర్చీల వైపు రమ్మంటే వినిపించుకోకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

"ఇది కాయ తడిపే చోటు, చూడమ్మే అర్పితా, రంగు కూడా తేడా ఉండాది. ఇది పొట్టు కుప్ప. నేను కూచొనేది ఈడ, మూడో వరసలో." వేలు గాలిలోనే ఉంచి, ఎక్కడా తాకకుండా చూపిస్తోంది. నలుగురిలో ఒక్కరికీ కనిపించని ఆ తడి ఆమెకు కనిపించింది. సిగ్గు లేకుండా నాకు ఆనందం వేసింది. "బాగ చేసినావప్పా. మంచి చేయి నీది."

అర్పిత పలక చదివింది. "అవ్వా, ఈయప్ప మీకు దినమూ సాయంకాలం నీళ్ళు పోస్తా ఉండెనంట. ఓనరంట."

"నీళ్ళా?" అంది మునిరత్నమ్మ. ఇంకా వంగి గేటు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరువాత కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వు యాడుండావప్పా ఇందులో?"

"నేను చేసినోణ్ణి కదమ్మా," అన్నాను, స్కూలు పిల్లలకు చెప్పే గొంతుతో, నవ్వుతూ కూడా. "చేసినోడు లోపల యాడుంటాడు?"

"గేటు కాడ నిలబడింటివి కదా. చెంబు నీ చేతిలో ఉండె."

బల్లను ఫోటో తీస్తున్న అర్పిత ఫోను దించేసింది. మైకులో ఎవరో దీపం వెలిగించడానికి రమ్మంటున్నారు. నా నోట్లోంచి ఒక మాట వచ్చింది, అదేం మాటో తెలుసా, చాలా పాత సంగతి కదమ్మా, అన్నాను.

"ఊ. నా కూతురి వయసంత పాతది." కోపం లేదు ఆ గొంతులో, అదే నన్ను చంపింది, తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. "అప్పటి తూకం గుమాస్తా మేష్ట్రయి మిల్లు చేస్తాండాడు, మనుషులతో సహా చేస్తాండాడని తెలిసింది. శాలువాకి రాలేదప్పా నేను. నువ్వు నిన్ను యాడ నిలబెట్టుకుంటావో చూసి పోదామని వచ్చినా." ఇంకోసారి గేటు వైపు చూసింది. "చూసినా. పదమ్మే, బస్సు దొరుకుతాది."

అమ్మా, అన్నాను. మునిరత్నమ్మా, అన్నాను. ఇద్దరూ అప్పటికే తలుపు దగ్గర ఉన్నారు, ఆమె మెట్టు దిగుతూ మనవరాలి చేయి పట్టుకుంది, తల తిప్పలేదు. అప్పుడు కదిలింది నా చేయి, పట్టకారు కూడా లేకుండా, రెండు వేళ్ళతో ఆదినారాయణప్పను పట్టి లాగాను, గేటు ముందు నేల పెళ్ళతో సహా ఊడి వచ్చి కింద తెల్ల థర్మోకోలు బయటపడింది, ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు ఎవరూ లేనిచోట వరస కట్టి నిలబడి ఉన్నారు. నాగేశ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేష్ట్రే! ఏం చేస్తాండారు? తాత యాడ? మరి ఈడ ఎవురు నిలబడేది?"

"నేను," అన్నాను గట్టిగా, హాలంతా వినపడేటట్టు. "నేనే నిలబడినా."

పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు నాగేశ్. రోడ్డు మీద బస్సు హారను మోగింది, వినాల్సిన మనిషి వెళ్ళిపోయింది.